కుక్కకు మోషన్స్, రిపోర్టులో ఈ.కోలై: యాంటీబయాటిక్ వేయాలా వద్దా?

హన్మకొండ టామీ: మా ల్యాబ్రడార్ టామీకి మొన్నటి నుంచి లూజ్ మోషన్స్. హుషారుగానే ఉంది, తింటోంది, రక్తం లేదు. మలం కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయిస్తే ఈ.కోలై, క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ వచ్చాయి. మెడికల్ షాపాయన మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ గోళీలు చేతిలో పెట్టాడు. బ్యాక్టీరియా దొరికాక కూడా ఇంకా చూస్తావేంది అని ఇంట్లో ఒకటే గొడవ.

కాజీపేట శీనన్న: వేసెయ్ తమ్మీ. మా రాజుగాడికి ఎప్పుడైనా అదే గోళీ, మర్నాటికి గట్టిపడుతుంది.

మామునూరు వెట్ స్టూడెంట్: అన్నా, ఆ రెండూ ఏ రోగం లేని కుక్కల పేగుల్లోనూ ఉంటాయి. టామీ బాగున్నప్పుడు పరీక్ష చేసినా ఈ.కోలై వచ్చేదే. అది ఏ రకం, దాని దగ్గర ఏ ఆయుధం ఉంది అన్నదే అసలు సంగతి. ఒక రకం ఈ.కోలైకి ఈఏఈ అనే జన్యువు ఉంటుంది, దాంతో ఇంటిమిన్ అనే ప్రొటీన్ తయారుచేసుకుని పేగు గోడకు అంటుకుపోయి, ఆహారాన్ని పీల్చుకునే సన్నని నూగును చెరిపేస్తుంది. ఇంకో రకం విషం వదిలి పేగులోకి నీళ్లు లాగుతుంది. క్లాస్ట్రీడియంలో నెట్‌ఎఫ్ అనే టాక్సిన్ ఉన్నది వేరే, అది కణాలకు రంధ్రాలు పొడుస్తుంది, ఉన్నట్టుండి వాంతులు, రక్తపు మోషన్స్ అయ్యే కుక్కల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు కల్చర్‌లో ఇవేవీ తెలియవు, జన్యువులను వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి. తలనొప్పి ఏంటంటే ఈఏఈ ఉన్న ఈ.కోలై కూడా బాగున్న కుక్కల్లో దొరుకుతుంది.

కాజీపేట శీనన్న: ఇదంతా సరే, గోళీ వేస్తే తగ్గుతోంది కదా, అది అబద్ధమా?

మామునూరు వెట్ స్టూడెంట్: తగ్గేది నిజమే, వేయకపోయినా చాలావాటికి కొద్దిరోజుల్లో తగ్గుతుంది, పేరు మాత్రం గోళీకి. పైగా మెట్రోనిడజోల్ హిరానోనిస్ అనే మంచి బ్యాక్టీరియాను కూడా తుడిచేస్తుంది. పైత్యరసంలోని ఆమ్లాలను మార్చి ఇదే క్లాస్ట్రీడియాన్ని అదుపులో పెట్టేది అదే! కొన్ని కుక్కల్లో మందు ఆపాక కూడా ఆ మంచి బ్యాక్టీరియా వారాల తరబడి కోలుకోదు. తక్కువ, మధ్యస్థ స్థాయి విరేచనాలకు యాంటీబయాటిక్ వద్దని యూరప్ పశువైద్య నిపుణులు 2024 మార్గదర్శకాల్లో రాశారు.

కరీంనగర్ పద్మ: తమ్ముడూ, అన్ని కుక్కలకూ ఒకటే మాట చెప్పకు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు రక్తం, వాంతులు ఉంటే పార్వో కావచ్చు. ఆ వైరస్ పేగు పొరను, తెల్ల కణాలను రెండింటినీ దెబ్బతీస్తుంది, పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి దిగుతుంది, అక్కడ యాంటీబయాటిక్ కావాలి. బాక్సర్లలో, ఫ్రెంచ్ బుల్‌డాగ్స్‌లో ఈ.కోలై పెద్దపేగు గోడ లోపలికే దూరే జబ్బు ఒకటుంది. దానికీ అంతే, అది కూడా ఏ మందు పనిచేస్తుందో చూసుకునే.

మామునూరు వెట్ స్టూడెంట్: ఒప్పుకుంటున్నా అక్కా. నేను చెప్పింది హుషారుగా తిరిగే టామీ లాంటి వాటి గురించే.

హన్మకొండ టామీ: టీకాలన్నీ అయినాయి అక్కా. ఉడికించిన చికెన్, అన్నం కొంచెం కొంచెం పెడుతున్నా, నీళ్లు బాగా తాగుతోంది. గోళీలు ఇంకా విప్పలే. తిండి మానేసినా, రక్తం కనపడినా డాక్టర్ దగ్గరికే తీసుకపోతా.

కాజీపేట శీనన్న: గోళీలు పారెయ్యకు మరి.