పాత మారుతి 800 హ్యాండ్ బ్రేక్ వాలులో నిలవడం లేదు: కేబుల్ ఒక్కటి మారిస్తే చాలా, వెనుక బ్రేకులన్నీ మార్చాలా?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2005 నాటి మారుతి 800 ఉంది. నాన్నగారు ముచ్చటపడి కొన్న బండి కావడం వల్ల దాన్ని అమ్మే ఉద్దేశం మాకు లేదు, ఇంజన్ కూడా చక్కగా పనిచేస్తోంది. మా ఇల్లు సింహాచలం కొండ వైపు వాలుగా ఉన్న వీధిలో ఉంది. కొంతకాలంగా హ్యాండ్ బ్రేకును చివరిదాకా పైకి లాగినా బండి మెల్లగా వెనక్కి జారుతోంది. ప్రస్తుతానికి గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టి నెట్టుకొస్తున్నాము.

దీనితో పాటు మరో రెండు విషయాలు గమనించాను. ఊళ్లో కాసేపు తిరిగి వచ్చాక ఎడమ వెనుక చక్రం దగ్గర చెయ్యి పెడితే కుడి చక్రం కంటే బాగా వేడిగా తగులుతోంది. అదే టైరుకు లోపలి వైపు తడి మరక కనిపిస్తోంది, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కూడా కొద్దికొద్దిగా తగ్గుతోంది. మా మెకానిక్ ప్రతిసారీ కేబుల్ బిగించి పంపిస్తున్నారు. కొన్ని వారాలు పట్టు బాగానే ఉండి, మళ్లీ మొదటికి వస్తోంది. ముందు చక్రాల డిస్క్ ప్యాడ్లు నేనే మార్చుకోగలను గానీ వెనుక చక్రాల డ్రమ్ (చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి బ్రేకు భాగం) ఎన్నడూ విప్పలేదు. ఈ పనిని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏయే సామాను కొనాలో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (విజయవాడ ఆటోనగర్ నుంచి)

నమస్కారమండీ. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే జబ్బు హ్యాండ్ బ్రేక్ లివర్ దగ్గర కాదు, డ్రమ్ లోపల ఉంది. కేబుల్ బిగించడం ఇక ఆపించండి. షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే వంపు ముక్కలు) అరిగి డ్రమ్ముకు దూరమైనప్పుడు, ఆ దూరాన్ని పూడ్చవలసినది లోపల ఉండే అడ్జస్టరు. ఆ పనిని కేబుల్‌తో చేయించబోతే డ్రమ్ములోని హ్యాండ్ బ్రేక్ లివర్ ఎప్పుడూ సగం లాగినట్టే ఉండిపోతుంది, అడ్జస్టరు తన పని తాను చేయలేకపోతుంది, షూలు డ్రమ్మును రాసుకుంటూ వేడెక్కుతాయి. మీ ఎడమ చక్రం వేడికి ఇది ఒక కారణం కావచ్చు.

టైరు మీది మరక ఏమిటో ముందు తేల్చుకోండి. ఈ బండిలో వెనుక బేరింగులు డ్రమ్ములోనే ఉంటాయి కనుక అది బేరింగు గ్రీజు అయినా కావచ్చు, వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలను డ్రమ్ము వైపు తోసే భాగం) నుంచి కారిన బ్రేక్ ఆయిల్ అయినా కావచ్చు. వేలితో తీసి చూస్తే గ్రీజు చిక్కగా అంటుకుంటుంది, నీళ్లతో పోదు. బ్రేక్ ఆయిల్ పలుచగా ఉండి నీళ్లలో సులభంగా కలిసిపోతుంది. డబ్బాలో మట్టం తగ్గుతోందన్నారు కాబట్టి నా అనుమానం వీల్ సిలిండర్ మీదే. అదే నిజమైతే ఇది హ్యాండ్ బ్రేక్ సమస్య మాత్రమే కాదు, కాలి బ్రేకు కూడా ప్రమాదంలో ఉన్నట్టే. మరమ్మతు అయ్యేవరకు బండిని రోడ్డు మీదికి తీయకండి.

పని చదునైన నేల మీద చేయాలి, మీ వాలు వీధిలో వద్దు. వెనుక చక్రాలు లేపినప్పుడు హ్యాండ్ బ్రేక్ పనికిరాదు, ఎందుకంటే అది పట్టేది ఆ చక్రాలనే. అందువల్ల ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, జాకీతో లేపిన తర్వాత తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలపండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి, కేబుల్ నట్టు వదులు చేయండి. మధ్యలోని గ్రీజు మూత, నట్టు తీశాక కూడా డ్రమ్ రాకపోతే సుత్తితో అంచు మీద కొట్టవద్దు, అది పోత ఇనుము కనుక పగులుతుంది. చాలాకాలం వాడిన డ్రమ్ములో షూలు తిరిగిన మేర గాడి పడి, అంచు దగ్గర మెట్టులా మిగులుతుంది. షూలు ఆ మెట్టుకు తట్టుకోవడం వల్లే డ్రమ్ బయటికి రాదు. బ్యాక్ ప్లేటుకు (షూలు అమర్చి ఉండే రేకుకు) వెనుక ఉన్న రబ్బరు బిరడా తీసి, స్క్రూడ్రైవరుతో లోపలి లివర్‌ను దాని ఆనిక నుంచి తప్పిస్తే షూలు మరికొంత దగ్గరకు ముడుచుకుంటాయి. అప్పుడు పుల్లర్ (డ్రమ్మును పట్టి లాగే పనిముట్టు) వేసి లాగితే వచ్చేస్తుంది.

డ్రమ్ రాగానే దుమ్మును గాలితో గానీ నోటితో గానీ ఊదవద్దు. షూల మీద ఒరుసుకునే పొరనే లైనింగ్ అంటారు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. తరువాత ఒక్క వైపే విప్పండి, రెండో వైపు అలాగే ఉంచుకుంటే ఏ స్ప్రింగు ఎక్కడ తగిలించాలో చూసుకోవడానికి నమూనాగా పనికొస్తుంది. ఎడమ, కుడి అడ్జస్టర్లు ఒకదానికొకటి సరిపోవు, కలిసిపోకుండా వేరుగా పెట్టుకోండి.

సామాను సంగతికి వస్తే, రెండు చక్రాలకూ కలిపి షూల సెట్టు, రెండు వీల్ సిలిండర్లు, రెండు వైపులా స్ప్రింగుల కిట్టు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు, కొత్త బ్రేక్ ఆయిల్ తీసుకోండి. ఒక వైపు మాత్రమే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

జవాబు 2 (వరంగల్ నుంచి, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పేవారు)

పై జవాబుతో దాదాపు పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కేబుళ్ల విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంత వేరు. పరీక్షించకుండా వాటిని మార్చనవసరం లేదు, అలాగని పైపైన చూసి బాగుందని వదిలేయనూ కూడదు. నట్టు వదులు చేసినా చక్రం బిగుతుగానే తిరిగితే చాలామంది కేబుల్‌లో తప్పు లేదనుకుంటారు. అయితే తీగ డ్రమ్ముకు దగ్గరలో, గొట్టం లోపల తుప్పుపట్టి ఇరుక్కుపోతే చేత్తో లాగే లివర్ వైపు ఎంత వదులు చేసినా ఆ చివర కదలదు. డ్రమ్ విప్పిన తర్వాత షూ లివర్ నుంచి కేబుల్ కొక్కేన్ని విడదీసి, తీగను చేత్తో లాగి, వెనక్కి తోసి చూడండి. రెండు వైపులకూ నునుపుగా జారితే ఉంచవచ్చు. ఎక్కడైనా పట్టినా, పై తొడుగు చిట్లి నీరు చేరినా మార్చవలసిందే. విశాఖ వంటి సముద్రతీరపు ఊళ్లో ఇరవై ఏళ్ల నాటి కేబుల్ ఈ పరీక్షలో నెగ్గడం కష్టమే.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఆయిల్ పడిన షూల గురించి. వాటిని పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, కొన్నిచోట్ల మంట మీద కాల్చి మళ్లీ వేస్తుంటారు. లైనింగ్ లోపలికి ఇంకిన ఆయిల్ అలా పూర్తిగా పోదు. వేడెక్కిన ప్రతిసారీ ఉపరితలానికి ఊరుతూనే ఉంటుంది, ఆ చక్రం ఒకసారి జారుతుంది, మరోసారి ఒక్కసారిగా పట్టేస్తుంది. మరక పడిన షూను ఎంత మందం మిగిలి ఉన్నా పారేయాలి. వీల్ సిలిండరుకు రబ్బరు కప్పులు మాత్రమే మార్చే పద్ధతి కూడా ఉంది. లోపలి గోడ నునుపుగా ఉంటే అది తప్పేమీ కాదు గానీ, తుప్పు గుంటలు పడిన సిలిండరులో కొత్త కప్పులు కూడా త్వరలోనే చిరుగుతాయి.

డ్రమ్ముకు లోపలి వ్యాసం కొలిపించండి. అనుమతించే గరిష్ఠ వ్యాసం చాలా డ్రమ్ముల మీద పోతలోనే అచ్చయి ఉంటుంది, లేకపోతే సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ హద్దు దాటిన డ్రమ్మును లేత్ మీద పెట్టించి ఇంకా పలుచన చేయడం మంచిది కాదు, అది వేడికి తట్టుకోలేదు.

బ్రేక్ ఆయిల్‌గా డబ్బా మూత మీద సూచించిన రకమే వాడాలి, ఈ బండికి డాట్ 3. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ మరిగే స్థానం ప్రమాణాల ప్రకారం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ చేరిన తర్వాత ఆ హద్దు 140 డిగ్రీలే. సీసా మూత తీసి నెలల తరబడి షెడ్డులో ఉంచిన ఆయిల్‌ను పోయించుకోకండి. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా కలవకూడదు, రబ్బరు భాగాలన్నీ ఉబ్బి పాడవుతాయి.

మళ్లీ అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మరక నీళ్లతో పోయింది కనుక అది బ్రేక్ ఆయిలేనని తేలింది. బండిని పక్కన పెట్టి సామాను తెప్పిస్తున్నాను. పైపు నట్టు, గాలి తీసే నిప్పిల్ రెండూ తుప్పుపట్టి ఉన్నాయి, వాటిని విరగకుండా విప్పడం ఎలా? బిగించిన తర్వాత సర్దుబాటు ఏ వరుసలో చేయాలి?

జవాబు 3 (కాకినాడ నుంచి)

మాది కూడా తీరప్రాంతమే కనుక ఆ తుప్పు సంగతి నాకు బాగా తెలుసు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి నానబెట్టండి. పైపు నట్టుకు మామూలు ఓపెన్ స్పానరు వేస్తే మూలలు అరిగిపోతాయి, బ్రేక్ పైపుల కోసం దొరికే ఫ్లేర్ స్పానరుతో పట్టండి. నట్టుతో పాటు పైపు కూడా మెలిపడుతుంటే వెంటనే ఆపి, కొంచెం బిగించి, మళ్లీ వదులు చేస్తూ మెల్లగా తీయండి. సిలిండర్ ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి నిప్పిల్ విరిగినా బాధ లేదు, పైపును మాత్రం కాపాడుకోండి. వానాకాలంలో బండిని చాలా రోజులు కదపకుండా ఉంచవలసి వస్తే హ్యాండ్ బ్రేక్ వేసి వదలవద్దు, షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోతాయి. చదును నేల మీద గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెడితే సరిపోతుంది.

జవాబు 4 (విజయవాడ ఆటోనగర్ నుంచి, మళ్లీ)

సర్దుబాటులో వరుస తప్పితే ఇంత పనీ వృథా అవుతుంది కనుక జాగ్రత్తగా చదవండి. బిగించే ముందు బ్యాక్ ప్లేటు మీద షూలు ఆని జరిగే చోట్ల పాత తుప్పు గీకి, వేడికి కరగని గ్రీజు అతి పలుచగా రాయండి. లైనింగు మీద మాత్రం వేలి గుర్తు కూడా పడనివ్వకండి. డ్రమ్ పెట్టి, మధ్య నట్టును మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించండి. ఆ నట్టు ఊడకుండా ఆపే పాత పిన్నును తిరిగి వాడవద్దు.

కేబుల్ ఇంకా వదులుగానే ఉండాలి. మాస్టర్ సిలిండరుకు (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే భాగానికి) దూరంగా ఉన్న ఎడమ వెనుక చక్రంతో మొదలుపెట్టి బ్రేక్ పైపుల్లోని గాలి తీయండి, డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా ఒకరు చూస్తూ ఉండాలి. పెడల్ గట్టిపడ్డాక దాన్ని మరికొన్నిసార్లు బలంగా నొక్కి వదిలితే అడ్జస్టర్లు షూలను డ్రమ్ముకు దగ్గరగా చేర్చుకుంటాయి. ఇవన్నీ అయ్యాకే కేబుల్ నట్టు ముట్టుకోవాలి. హ్యాండ్ బ్రేకును ఐదారు క్లిక్కులు లాగితే రెండు చక్రాలూ సమానంగా బిగుసుకోవాలి, పూర్తిగా దించితే రెండూ చేత్తో తిప్పినప్పుడు ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఒక చక్రం ముందుగా పడుతుంటే ఆ వైపు అడ్జస్టరును, కేబుల్ దారిని మళ్లీ చూడండి.

కొత్త షూలు పాత డ్రమ్ముకు పూర్తిగా ఆనడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా పట్టు కొంత తక్కువగానే ఉంటుంది కాబట్టి మీ వీధిలో గేరు, రాయి రెండూ కొనసాగించండి. ఆ తర్వాత ఒకసారి కేబుల్ సరిచూసి, బ్యాక్ ప్లేటు అడుగున తడి ఏమైనా ఉందేమో టార్చిలైటు వేసి చూసుకోండి.