నెలసరి ఆగే వయసులో నిద్ర పట్టడం లేదు, వైజాగ్‌లో ఎవరికి చూపించుకోవాలి?

నమస్కారమండీ. నాకు 48 ఏళ్లు, ఉండేది ఎంవీపీ కాలనీలో. ఏడాదిగా నెలసరి ఒక నెల వస్తే రెండు నెలలు రావడం లేదు. అంతకంటే పెద్ద బాధ నిద్ర. పడుకోగానే పడుతుంది గానీ, అర్ధరాత్రి దాటాక ఒంట్లోంచి సెగ పుట్టినట్టై మెలకువ వచ్చేస్తుంది. మెడ వెనక, నైటీ అంతా తడి. ఫ్యాన్ ఐదులో పెడితే కాసేపటికే చలి, మళ్లీ దుప్పటి. మన సముద్రపు ఉక్కపోతేలే అనుకోవడానికి లేదు, జనవరిలోనూ ఇదే వరస! ఇక పాలవాడు వచ్చేదాకా కళ్లు తెరుచుకునే ఉంటాను. పగలంతా చిరాకు.

దగ్గర్లోని డాక్టరుగారు ఈ వయసులో మామూలేనని నిద్రమాత్ర రాశారు. మాత్ర వేసుకుంటే చెమటలు ఆగుతాయా? ఈస్ట్రోజెన్ తగ్గడంతో, ఒంటి వేడిని అదుపుచేసే మెదడు భాగం చిన్న తేడాకే కంగారు పడుతుందని చదివాను. థైరాయిడ్ నార్మల్. ఈమధ్య గురక కూడా పెడుతున్నానని మావారంటున్నారు. ఈ దశలో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ముప్పు పెరుగుతుందట, ఆ పరీక్ష చేయించాలా?

హార్మోన్ చికిత్స వాడినవాళ్లున్నారా? మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అందుకే నాకు టెన్షన్. నిద్రలేమికి మందుల్లేకుండా చేసే సీబీటీ-ఐ కౌన్సెలింగ్ మన ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో గానీ, బయట గానీ తెలుగులో చేసేవాళ్లు తెలిస్తే చెప్పండి. ముందు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలా, నిద్ర డాక్టరు దగ్గరికా? అశ్వగంధ, గసగసాల పాలు లాంటి సలహాలు ఇంట్లోనే బోలెడు, అవి మాత్రం వద్దండీ.