పదకొండేళ్ళ పిల్లకి చెస్‌బేస్ కొనాలా, ఫ్రీ సాఫ్ట్‌వేర్ సరిపోతుందా?

గోదారి బంటు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా అమ్మాయికి పదకొండేళ్ళు, ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1560. కొత్త కోచ్ ఆన్‌లైన్‌లో చెబుతున్నారు. మొదటి క్లాసులోనే "చెస్‌బేస్, దానితోపాటు మెగా డేటాబేస్ కొనండి, లేకపోతే నేను పంపే ఫైళ్ళు తెరుచుకోవు" అన్నారు. మొదటిది గేములు దాచి వెతికే సాఫ్ట్‌వేర్ అట, రెండోది ఆడిన గేముల పెద్ద గుట్ట అట. ధర చూస్తే ఆయనకి రెండు నెలలు కట్టే ఫీజంత ఉంది. పైగా మా ఇంట్లో ఉన్నది మ్యాక్‌బుక్. ఇప్పటిదాకా లిచెస్ అనే ఫ్రీ చెస్ వెబ్‌సైట్‌తోనే నెట్టుకొచ్చాం. నాకు చెస్ రాదు, గుర్రం ఎలా దూకుతుందో తెలుసు, అంతే. కాబట్టి కొంచెం అర్థమయ్యేలా చెప్పండి. కొనాలా వద్దా?

ఓరుగల్లు కాజిల్:
కొనండి సార్. నేను 1950 రేటింగ్ వాణ్ణి, పదేళ్ళుగా చెస్‌బేస్ వాడుతున్నాను. మన ఓపెన్ టోర్నమెంట్లు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. పొద్దున ఒక రౌండు, మధ్యాహ్నం ఒకటి. మొదటి గేమ్ అయ్యాక అన్నం తినాలి, పెయిరింగ్ (ఎవరితో ఎవరికి ఆట) చూడాలి, ఎదుటివాడు ఏం ఆడతాడో తెలుసుకోవాలి. అంతా కలిపి గంటన్నర. చెస్‌బేస్‌లో పేరు కొడితే తెల్లపావులతో ఏం ఆడతాడు, నల్లపావులతో ఏం ఆడతాడు, ఎక్కడ ఓడిపోతున్నాడు అన్నీ ఒక్క కిటికీలో వస్తాయి. మెగాలో కోటికి పైగా గేములున్నాయి, లక్షకి పైగా గేములకి వ్యాఖ్యానం ఉంది. ఫ్రీ వాటిలో ఆ వ్యాఖ్యానం ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో మాట. కాస్పరోవ్ 1985లో హాంబర్గ్ టీమ్‌తో ఎనిమిది బోర్డుల మీద ఒకేసారి ఆడి మూడున్నర, నాలుగున్నరతో ఓడిపోయాడు. 1987లో మళ్ళీ అదే ఊళ్ళో ఆడేముందు అప్పుడే పుట్టిన చెస్‌బేస్‌లో వాళ్ళ గేములు చూసుకుని వెళ్ళి 7-1తో కొట్టాడు. డేటాబేస్ అంటే ఏమిటో ఆ రోజే తేలిపోయింది.

లినక్స్ మామ:
కాజిల్ బ్రదర్, కాస్పరోవ్ ఎనిమిది మంది బుండెస్‌లిగా (జర్మనీ చెస్ లీగ్) ఆటగాళ్ళ మీద ఆడాడు. ఈ పాప ఆడేది పక్క జిల్లా ఏడో క్లాసు పిల్లాడి మీద.

సార్, చెస్‌బేస్‌కి మ్యాక్ వెర్షన్ లేదు. కొంటే విండోస్ కూడా ఎక్కించుకోవాలి, లేదా ఇంకో లాప్‌టాప్ కొనాలి. ఆ ఖర్చు ధరలో కనపడదు. నా సలహా: స్కిడ్ వర్సెస్ పీసీ అని ఒకటుంది, ఫ్రీ. మ్యాక్‌కి, లినక్స్‌కి, విండోస్‌కి దొరుకుతుంది. మొహం చూస్తే 2003 నాటి బ్యాంకు కౌంటర్‌లో కంప్యూటర్ గుర్తొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ లక్షల గేముల్లో ఒక పొజిషన్‌ని చిటికెలో వెతికి పెడుతుంది. కొత్తగా కనిపించాలంటే ఎన్ క్రొయ్‌సాంట్ చూడండి, అదీ ఫ్రీయే. గేములు కావాలంటే ది వీక్ ఇన్ చెస్ ఉంది. మార్క్ క్రౌథర్ 1994 నుంచి నడుపుతున్నాడు. ప్రతి వారం ప్రపంచమంతా జరిగిన పెద్ద టోర్నమెంట్ల గేములన్నీ పీజీఎన్ (గేములు రాసే మామూలు ఫైలు పద్ధతి) ఫైలుగా ఇస్తాడు, పైసా తీసుకోడు.

అసలు పాయింట్ ఇంకోటి. మీ కోచ్ అన్న "నా ఫైళ్ళు తెరుచుకోవు" అనే మాట దగ్గర ఆగండి. ఆయన పంపేది సీబీవీ ఫైలు. అది చెస్‌బేస్ వాళ్ళ సొంత మూట. అదే ఆయన పీజీఎన్‌గా సేవ్ చేసి పంపితే లోకంలో ఏ చెస్ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది. రెండు క్లిక్కుల పని. ఆ రెండు క్లిక్కులు ఆయన చెయ్యకపోవడం వల్ల మీరు రెండు నెలల ఫీజు కడుతున్నారు.

ఓరుగల్లు కాజిల్:
మామా, రెండు క్లిక్కులే, కానీ అన్నీ రావు. రంగు బాణాలు, గళ్ళకి వేసిన రంగులు వస్తాయి. చెస్‌బేస్‌లో కోచ్ పెట్టే ట్రైనింగ్ ప్రశ్నలుంటాయి కదా, "ఇక్కడ ఏం ఆడతావు?" అని ఆగి టైమ్ పెట్టి పాయింట్లు ఇచ్చేవి, అవి పీజీఎన్‌లోకి సరిగ్గా దిగవు. ఏ కోచ్‌కైనా సగం పని వాటితోనే ఉంటుంది.

గుంటూరు గ్యాంబిట్:
నేను పిల్లలకి చెస్ చెబుతాను, పన్నెండేళ్ళయింది. ఇద్దరూ మంచి మాటలే చెప్పారు కానీ ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. పాప ఎదురుగా కూర్చునేవాళ్ళ గేములు దాదాపు ఏ డేటాబేస్‌లోనూ ఉండవు.

ఎందుకుండవో చెబుతాను. మన రేటింగ్ టోర్నమెంట్లలో మూడు నాలుగు వందల మంది ఆడతారు. లైవ్ బోర్డులు (ఎత్తుల్ని వాటంతటవే కంప్యూటర్‌కి పంపేవి) పెడితే పైన పది బోర్డులకి పెడతారు, చాలా చోట్ల అవీ ఉండవు. మిగతా గేములన్నీ స్కోర్‌షీట్ మీద రాసినవే. వాటిని కూర్చుని కంప్యూటర్‌లో ఎక్కించేదెవరు? గేములు డేటాబేస్‌కి చేరవు, రిజల్ట్ మాత్రం రేటింగ్‌కి పోతుంది. పోయిన నెల నా స్టూడెంట్లు ఆరుగురు ఒక టోర్నమెంట్‌కి వెళ్ళారు, ఒక్కొక్కరికి తొమ్మిది రౌండ్లు. యాభై నాలుగు పెయిరింగుల్లో ఎదుటివాళ్ళ గేములు మెగాలో దొరికింది ఏడు సార్లు. అందులో నాలుగు మూడేళ్ళ కిందటి గేములు. పదేళ్ళ పిల్లాడి మూడేళ్ళ కిందటి గేమ్ చూసి ప్రిపేరవడమంటే వాడి పాత చెప్పులు చూసి ఇప్పటి సైజు చెప్పడమే.

ఇంకో చిక్కు మన పేర్లతో. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియలా పూర్తి పేరా అన్నది ఒక్కో ఆర్బిటర్ ఒక్కోలా కొడతారు. సాయి, శ్రీ, వెంకట ఉన్న పేర్లయితే చెప్పక్కర్లేదు. ఒకే పిల్లాడు డేటాబేస్‌లో మూడు పేర్లతో ముగ్గురై కూర్చుంటాడు. ఒక పేరు వెతికి "వీడికి గేముల్లేవు" అనుకుంటాం. పేరుతో వెతకొద్దు, గేమ్‌లో ఫిడే ఐడీ (ఆటగాడి నంబరు) ఉంటే దానితో వెతకండి.

నా సలహా: ముందు పాప సొంత గేములు ఎక్కించండి. అన్నీ. గెలిచినవి, ఓడినవి, ఏడ్చినవి.

లినక్స్ మామ:
పేర్ల విషయంలో వెయ్యి మార్కులు. స్కిడ్‌లో పేర్లు సరిచేసే ఫైలు విడిగా దొరుకుతుంది, పేరున్న ఆటగాళ్ళ వరకు బాగా పనిచేస్తుంది. మన పిల్లల దగ్గర చేతులెత్తేస్తుంది.

ఇది కాస్త పక్కకెళ్ళే మాటే, కానీ డబ్బు ఎవరికి ఇస్తున్నామో తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అని చెస్‌బేస్ వాళ్ళు అమ్మిన ఇంజిన్ (మంచి ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) గుర్తుందా? లోపల ఉన్నది చాలావరకు స్టాక్‌ఫిష్ అనే ఇంకో ఇంజిన్. అది ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు, షరతులు పాటించాలి, అంతే. పాటించలేదని స్టాక్‌ఫిష్ వాళ్ళు 2021లో కేసు వేశారు, 2022 నవంబర్‌లో రాజీ కుదిరింది.

ఓరుగల్లు కాజిల్:
రాజీ కుదిరిందని నువ్వే అంటున్నావు, ఇంక ఈ పాపకీ దానికీ ఏం సంబంధం మామా. నేను ఇంజిన్ కొనమనలేదు. ఇంజిన్ ఎక్కడైనా స్టాక్‌ఫిషే, అది ఫ్రీయే. నేనన్నది డేటాబేస్ గురించి.

గ్యాంబిట్ గారూ, మీ లెక్క కాదనను. కానీ ప్రత్యర్థి కోసమే డేటాబేస్ అనుకోవడం పొరపాటు. నా సంగతే చెబుతాను. పోయిన ఏడాది రూక్ (ఏనుగు), నాలుగు బంట్లు ఒకవైపు, రూక్, మూడు బంట్లు ఇంకోవైపు, అన్నీ ఒకే పక్క ఉన్న ఎండింగ్‌లో (ఆట చివరి దశలో) మూడు బంట్లతో ఉండి ఓడిపోయాను. డ్రా కావాల్సింది. ఇంటికొచ్చి అదే మెటీరియల్ (అవే పావులు) అడిగితే గ్రాండ్‌మాస్టర్లు ఆడిన గేములు వందల్లో వచ్చాయి. ఇరవై చూశాను, మొదటి పదిహేడు ఒకే పద్ధతిలో డ్రా అయ్యాయి. హెచ్ బంటుని హెచ్5 గడికి తోసి పెట్టుకోవడం అన్న ఒక్క ముక్క నాకు అప్పుడు తలకెక్కింది. లిచెస్‌లో ఇలా వెతకండి చూద్దాం. అక్కడ మాస్టర్ల గేముల్లో బోర్డు మీద ఉన్న పొజిషన్ ఉన్నదున్నట్టు ఉంటేనే దొరుకుతుంది, "ఇలాంటి ఎండింగ్" అని అడిగే దారి లేదు.

లినక్స్ మామ:
లిచెస్‌లో లేదు, నిజమే. స్కిడ్‌లో ఉంది. మెటీరియల్ సెర్చ్ అనే మెనూ, రూక్ ఎండింగులకి రెడీమేడ్ బటన్ కూడా ఉంది. ఫ్రీ.

డాలస్ నాన్న:
మా వాడికి పన్నెండు, ఇక్కడ టెక్సస్‌లో ఆడతాడు. ఇక్కడా అంతే, అదే వయసు పిల్లల బోర్డు గేములు దొరకవు. అందుకని తల్లిదండ్రులు ఇంకో దారి పట్టారు. ఎదుటి పిల్లాడి ఆన్‌లైన్ ఐడీ ఏమిటో కనుక్కోవడం, వాడు ఆడిన బ్లిట్జ్ (కొద్ది నిమిషాల) గేములన్నీ దింపి చెట్టులా పరిచి చూడటం. లిచెస్ ఎక్స్‌ప్లోరర్‌లోనే (ఏ ఎత్తు ఎంతమంది ఆడారో చూపే చోట) ప్లేయర్ అని ఒక ట్యాబ్ ఉంది, ఐడీ కొడితే చాలు.

నేనూ చేశాను. ఒక శనివారం రాత్రి పన్నెండున్నర దాకా మా వాణ్ణి కూర్చోబెట్టి సిసిలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగ్‌లో (ఆట మొదలుపెట్టే పద్ధతిలో) పద్దెనిమిది ఎత్తులు బట్టీ పట్టించాను. పొద్దున ఎదుటి పిల్లాడు రెండో ఎత్తుకే సీ3 ఆడాడు, బట్టీ పట్టింది ఏదీ పనికిరాలేదు. మా వాడు తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఇరవై రెండు ఎత్తుల్లో అయిపోయింది. దానికి ఏ సాఫ్ట్‌వేర్‌నీ తిట్టను, తప్పు నాదే. నిద్రపోనిచ్చి ఉంటే సీ3కి వాడే ఏదో ఒకటి ఆడేవాడు.

గోదారి బంటు:
అందరికీ చాలా థాంక్స్. గ్యాంబిట్ గారు చెప్పినట్టు పాపతో గేములు ఎక్కించడం మొదలుపెట్టాం. లిచెస్ స్టడీలోనే (గేములు దాచుకునే చోట), ప్రైవేటుగా పెట్టాం. రెండు రోజుల్లో పద్నాలుగు గేములు. ఒక సందేహం. ఒక గేమ్‌లో తొమ్మిదో ఎత్తు దగ్గర గుర్రం డీ2 అని రాసుకుంది. రెండు గుర్రాలూ డీ2కి రాగలవు, ఒకటి బీ1 నుంచి, ఒకటి ఎఫ్3 నుంచి. కంప్యూటర్ ఏదో చెప్పమంటోంది, పాపకి గుర్తులేదు. ఆర్బిటర్‌కి ఒక కాపీ పోయింది, మా దగ్గర ఉన్న కార్బన్ కాపీ సగం చెరిగిపోయింది.

గుంటూరు గ్యాంబిట్:
బీ1 నుంచి అనుకుని ముందుకి వెళ్ళండి. తర్వాత ఎక్కడో ఒకచోట ఎఫ్3 గుర్రం కదలాలి, అప్పుడు ఎత్తు కుదరకపోతే వెనక్కొచ్చి రెండోది పెట్టండి. నేను వారానికి మూడు సార్లు చేసే డిటెక్టివ్ పని ఇది. పాపతోనే చేయించండి. అలా వెతుకుతున్నప్పుడు "అయ్యో ఇక్కడ బిషప్ ఊరికే పోయింది కదా" అని తనే అంటుంది. ఇంజిన్ అప్పుడే ఆన్ చెయ్యకండి. గుకేశ్ చిన్నప్పటి కోచ్ విష్ణు ప్రసన్న 2500 రేటింగ్ దాకా అతన్ని ఇంజిన్ ముట్టుకోనివ్వలేదు. ప్రతి పిల్లకీ అంత గట్టి నియమం అక్కర్లేదు కానీ, ముందు తన మాట, తర్వాత ఇంజిన్ మాట అన్న వరస మాత్రం తప్పొద్దు.

ఓపెనింగ్ గురించి కూడా ఒక మాట. మాస్టర్ల గేముల్లో ఏది ఎక్కువ ఆడారో చూసి తయారవ్వకండి. లిచెస్ ఎక్స్‌ప్లోరర్‌లో 1400, 1600 రేటింగ్ వాళ్ళ గేములు మాత్రమే చూపించమని పెట్టుకోవచ్చు. మీ పాప కారో-కాన్ అనే ఓపెనింగ్ ఆడుతుందనుకోండి. పుస్తకంలో అందులో అడ్వాన్స్ వేరియేషన్ అనే ఒక దారికి యాభై పేజీలుంటాయి. బోర్డు దగ్గర మూడో ఎత్తుకే బంట్లు మార్చేసుకునేవాళ్ళు వరసగా ఎదురవుతారు. ఆ లెక్క మెగా చూపించదు, ఎందుకంటే అందులో ఈ స్థాయి గేములు తక్కువ. ఇది లిచెస్ వల్ల అయ్యే పని, కాజిల్ గారు కోప్పడినా సరే.

ఓరుగల్లు కాజిల్:
కోపమేం లేదు సార్, నేనూ ఆన్‌లైన్ ఆడేది అక్కడే. కానీ నా మాట నాదే. పాప 1900 దాటి నేషనల్స్‌లో పై బోర్డుల మీద కూర్చుంటే ఎదుటివాళ్ళ గేములు ఉంటాయి, అప్పుడు ప్రత్యర్థి దగ్గర చెస్‌బేస్ ఉంటుంది, ఈమె దగ్గర ఉండదు. మా హనుమకొండ అర్జున్ ఇరిగేసి 2024 డిసెంబర్ ఫిడే లిస్టులో 2800 రేటింగ్ దాటాడు. అతని మీద ప్రిపేరవడం కష్టమని అందరూ అనేది ఎందుకు? ఏ ఓపెనింగ్ తీస్తాడో తెలియదు కాబట్టి. అన్ని ఓపెనింగులు చేతిలో ఉంచుకోవాలంటే ఫైళ్ళు ఎంత పొందిగ్గా ఉండాలో ఆలోచించండి. ఇప్పుడే అలవాటు చేస్తే మంచిది.

డాలస్ నాన్న:
1900 దాటినప్పుడు కొనుక్కుంటే సరిపోదా? ఈలోపు రెండు వెర్షన్లు మారతాయి, ఇప్పుడు కొన్నది అప్పటికి పాతదవుతుంది.

గోదారి బంటు:
అప్‌డేట్. గుర్రం ఎఫ్3 నుంచే వచ్చింది! పదహారో ఎత్తు దగ్గర బీ1 గుర్రం సీ3కి వెళ్ళింది, దానితో తేలిపోయింది. పాప ఎగిరి గంతేసింది. పద్నాలుగు గేముల్లో ఐదు ఓడిపోయింది, ఆ ఐదింట్లో నాలుగు గడియారంలో పది నిమిషాల లోపు ఉన్నప్పుడు జరిగిన తప్పులే. టైమ్ కూడా షీట్ మీద పక్కన రాసుకునే అలవాటు ఉంది కాబట్టి తెలిసింది. ఓపెనింగ్‌లో ఓడింది ఒక్కటీ లేదు.

కోచ్ గారికి ఫోన్ చేసి విషయం చెప్పాను. మొదట కొంచెం నొచ్చుకున్నారు, తర్వాత పీజీఎన్ పంపడానికి ఒప్పుకున్నారు. ట్రైనింగ్ ప్రశ్నలు క్లాసులోనే అడుగుతానన్నారు. చెస్‌బేస్ ప్రస్తుతానికి కొనడం లేదు. స్కిడ్ మ్యాక్‌లో ఎక్కించబోతే "గుర్తుతెలియని డెవలపర్" అని తెరవనివ్వడం లేదు. మామ గారూ, ఏం చెయ్యాలి?

లినక్స్ మామ:
సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్ళి కిందకి దిగండి, "ఎలాగైనా తెరువు" అన్న బటన్ ఉంటుంది. అక్షరాలు మరీ చిన్నగా కనిపిస్తే ఆప్షన్స్‌లో ఫాంట్ పెంచుకోండి. అప్పటికీ రాకపోతే ఇక్కడే రాయండి, రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.