యూకే సీబీటీలో లెక్కల దగ్గర ఆగిపోయాను, కాస్త చెప్పండి

అక్కలకు, అన్నలకు నమస్తే. భీమవరంలో ఆరేళ్లు ఐసీయూ డ్యూటీ చేశాను. మావారి ఉద్యోగం వల్ల కోవెంట్రీ వచ్చి 4 నెలలైంది. ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ పెట్టే కంప్యూటర్ పరీక్ష, అదే సీబీటీలో పార్ట్ బీ పాసయ్యాను, లెక్కలుండే పార్ట్ ఏ పోయింది. 15 ప్రశ్నలు, 30 నిమిషాలు. ఇంట్లో చేస్తే అన్నీ వస్తాయి, అక్కడ కూర్చుంటే టెన్షన్. నిన్న ఇంట్లోనే ఒకటి చేశాను: గుండె మందు డిగాక్సిన్ 0.125 మిల్లీగ్రాములు ఇవ్వాలి, ఉన్నది 62.5 మైక్రోగ్రాముల మాత్ర. నాకు 0.002 వచ్చింది. ఎన్ని పాయింట్ల దాకా రౌండ్ చేయాలి?

జవాబు, లెస్టర్ నుంచి:

చెల్లీ, 0.002 మాత్ర అని కాగితం మీద చూడగానే నీకే నవ్వు రావాలి. ఆరేళ్లు మాత్రలిచ్చిన చేయి నీది, మాత్రని ఐదొందల ముక్కలు ఎవరు చేస్తారు? నీ భాగహారం తప్పలేదు, యూనిట్ తప్పింది. ముందు 0.125ని వెయ్యితో గుణించి 125 మైక్రోగ్రాములు అని రాసుకో. ఇక లెక్కేముంది, రెండు మాత్రలు. రెండు వైపులా ఒకే యూనిట్ వచ్చేదాకా క్యాలిక్యులేటర్ ముట్టుకోకు.

మన దగ్గర డిగాక్సిన్ స్ట్రిప్ మీద 0.25 ఎంజీ అని ఉంటుంది, దానికి అలవాటు పడ్డాం. ఇక్కడ 1 మిల్లీగ్రాము కన్నా తక్కువైతే మైక్రోగ్రాముల్లోనే రాయమంటారు, ఆ మాట కూడా పొట్టి చేయకుండా పూర్తిగా. యూనిట్స్ అన్న మాటా అంతే. ‘10యూ’ అని గబగబా గీకితే ఆ యూ సున్నాలా కనిపించి 100 అవుతుంది. నేను వచ్చిన కొత్తలో ట్రైనింగ్ కాగితం మీద 1.0 అని రాస్తే, పక్కనున్నావిడ 10 అని చదివింది. ఆ రోజు నుంచి పాయింట్ తర్వాత ఊరికే సున్నా పెట్టను. పాయింట్ ముందు సున్నా మాత్రం మరవను: .5 కాదు, 0.5.

ఇక రౌండింగ్. ఎన్ని పాయింట్లు కావాలో ప్రశ్నలో చెబితే అంతే. చెప్పకపోతే చేతిలో ఏముందో చూడు. చుక్కల్ని సగం చేయలేం కాబట్టి పూర్తి సంఖ్య. సిరంజి అయితే దాని గీతలు ఎంత చిన్నవో అంతవరకే. 5 ఎంఎల్ సిరంజి మీద ఒక్కో గీత 0.2 అయితే 3.47 ఎక్కడ తీస్తావు?

అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో రౌండ్ చేయకు. లీటరు సెలైన్ 8 గంటల్లో వెళ్లాలి, డ్రిప్ సెట్ ఎంఎల్‌కి 20 చుక్కలది. గంటకు 125 ఎంఎల్, నిమిషానికి 2.083. ఇక్కడే ‘ఆ, 2 అనుకుందాం’ అన్నావంటే 40 చుక్కలొస్తాయి. అలాగే ఉంచి 20తో గుణిస్తే 41.67, అంటే 42. క్యాలిక్యులేటర్‌లో ఉన్నది ఉన్నట్టే ముందుకు తీసుకెళ్లు, రౌండింగ్ ఆఖర్న ఒక్కసారే.

జవాబు, లీడ్స్ నుంచి:

సిస్టర్, అక్క చెప్పింది నిజం. నావి రెండు మాటలు. ఇక్కడి పెద్దవాళ్లు బరువు అడిగితే స్టోన్‌లలో చెబుతారు. స్టోన్ అంటే 14 పౌండ్లు. ‘టెన్ స్టోన్ ట్వెల్వ్’ అని ఒక తాతగారు చెబితే నేను 10.12 అని కొట్టి, స్టోన్‌కి 6.35 కిలోలు కదా అని దాంతో గుణించాను, 64 కిలోలొచ్చింది. అసలు లెక్క 152 పౌండ్లు, దగ్గర దగ్గర 69 కిలోలు. మన ఇళ్లలో ఐదడుగుల పది అంగుళాల్ని 5.10 అని రాస్తాం చూడండి, అదే తంటా. అదృష్టం, డోసు వేసేలోపు మిషన్ మీద నిలబెట్టాం. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా తూకం వేశాకే రాస్తాను.

రెండోది ఇన్సులిన్. ఊళ్లో ఎంఎల్‌కి 40 యూనిట్లుండే వయల్, దానికి తగ్గ గీతలున్న ఎర్ర మూత సిరంజి చాలామంది వాడినవాళ్లమే. ఇక్కడ మామూలుగా ఎంఎల్‌కి 100. ఊరి నుంచి ఎవరైనా ఆ ఎర్ర మూత సిరంజిలు తెచ్చుకుంటే వాటితో ఇక్కడి మందు తీయనివ్వకండి. 20 గీత దాకా తీస్తే లోపలికెళ్లేది 50 యూనిట్లు.

అడిగినావిడ:

అన్నా, నాన్నగారికి తెచ్చిన సిరంజిలు ఇంట్లోనే ఉన్నాయి! ఇప్పుడే వెళ్లి చూశాను, ఎర్ర మూతే. పక్కన పెట్టేశాను, కొత్తవి అడుగుతాను.

లెస్టర్ నుంచి:

మంచి పని చేశావు. సరే, అదే లీటరు, అదే సెట్, 12 గంటలకు చెప్పు.

అడిగినావిడ:

27.777 వచ్చింది అక్కా. 28 చుక్కలు.