పక్షవాతం తర్వాత బార్తెల్ స్కోరు 90 వస్తే కోలుకున్నట్టేనా?

ఖమ్మం_అమ్మాయి: మా నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట కూడా సరిగా రావడం లేదు. రిహాబ్ సెంటర్‌లో "బార్తెల్ 90 వచ్చింది, స్నానంలో 5, మెట్ల దగ్గర 5 మాత్రమే తగ్గాయి, ఇక రోజూ రానక్కర్లేదు" అన్నారు. నాన్నకు కిరాణా కొట్టు ఉంది. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చిల్లర లెక్క తేలడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు. ఈ 90 చూసి థెరపీ ఆపేయొచ్చా?

ఫిజియో_నెల్లూరు: అమ్మా, బార్తెల్‌ను తీసిపారేయకండి. 1965 నుంచి వాడుతున్న కొలత అది. తినడం, స్నానం, బట్టలు, మలమూత్రాల అదుపు, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లు... ఇలా పది పనులకు మార్కులు వేస్తే మొత్తం 100. ఏ పరికరమూ అక్కర్లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఓపీలో బయట జనం ఎదురుచూస్తుంటే ప్రతి పేషెంట్‌కీ గంటసేపు పరీక్ష పెట్టలేం. 40తో వచ్చిన మనిషి 90కి చేరితే అది చిన్న విషయం కాదు.

ఓటీ_విశాఖ: చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ అది దేన్ని కొలవదో కూడా చెప్పాలి కదండీ. మాట, జ్ఞాపకం, లెక్క ఆ పదిలో ఎక్కడా లేవు. కుడిచేయి పూర్తిగా పడిపోయినా, ఎడమ చేత్తో స్పూను పట్టుకుని సొంతంగా తింటే తిండికి 10కి 10 పడతాయి. కింద కూర్చుని లేవడం గురించి ఒక్క ప్రశ్న ఉండదు. మన ఇళ్లలో పూజకు, భోజనానికి కింద కూర్చునేవాళ్లు ఎంతమంది!

ఇంకొకటి. మనిషి చేయగలిగింది కాదు, రోజూ నిజంగా చేస్తున్నది రాయాలని బార్తెల్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. చాలాచోట్ల థెరపీ గదిలో "చొక్కా వేసుకోగలరా?" అని అడిగి, వేసుకుంటే మార్కులు వేసేస్తున్నారు. ఇంటికి వెళ్లాక భార్యో కోడలో ప్రేమ కొద్దీ తామే తొడిగేస్తారు. మనిషి పనితీరును, వైకల్యాన్ని వివరించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన ఐసీఎఫ్ వర్గీకరణ ఈ రెంటినీ విడదీసి చూడమంటుంది: సామర్థ్యం వేరు, ఆచరణ వేరు.

ఫిజియో_నెల్లూరు: ఐసీఎఫ్‌లో స్ట్రోక్ కోసం చేసిన పూర్తి జాబితాలో 130 అంశాలు ఉన్నాయి. ఎవరు నింపుతారండీ? పేషెంట్ సగంలోనే అలసిపోతాడు.

ఓటీ_విశాఖ: అందుకే 18 అంశాల చిన్న జాబితా కూడా ఉంది. అదీ కుదరకపోతే ఫిమ్ చూడండి, ఏ పనికి ఎంత సాయం కావాలో కొలిచే మరో స్కోరు అది, అందులో 18 పనులుంటే 5 మాటకు, ఆలోచనకు సంబంధించినవే. చేతి కదలికల కోసం ఫ్యూగల్-మేయర్ అనే పరీక్ష వేరే ఉంది, చేతికి 66 మార్కులు. అన్నీ అందరికీ పెట్టమనడం లేదు. మాట పోయిన మనిషికి మాటను కొలవకుండా "కోలుకున్నాడు" అని ఫైల్ మూసేయడం అన్యాయం అంటున్నాను.

ఫిజియో_నెల్లూరు: ఫైల్ మూయడం తప్పే, అక్కడ మీతో ఉన్నాను. కానీ ఆ తప్పు బార్తెల్‌ది కాదు, దాని మీద నిర్ణయం తీసుకున్నవాళ్లది. అడ్మిషన్‌లో, డిశ్చార్జ్‌లో అది ఉండి తీరాలి.

ఖమ్మం_అమ్మాయి: మరి నేనిప్పుడు ఏం చేయాలి?

ఓటీ_విశాఖ: ఒక వారం పాటు నాన్నగారు ఎవరి సాయం లేకుండా ఏ పని చేశారో, ఏది మీరు చేసిపెట్టారో రాయండి. కొట్టులో ఎక్కడ ఆగిపోతున్నారో కూడా రాయండి: నోటు గుర్తుపట్టడమా, కూడికా, మాట దొరకకపోవడమా? మూడూ వేర్వేరు సమస్యలు. ఆ కాగితంతో స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లి, భాషకూ జ్ఞాపకానికీ విడిగా పరీక్ష చేయమని అడగండి. ఆయనకు తిరిగి ఏం కావాలో మాత్రం ఆయన్నే అడగండి. మాట రాకపోయినా బొమ్మలు, వస్తువులు చూపిస్తే చెప్పగలరు.