సిమ్ లేని ట్యాబ్‌లలో టైమ్ జోన్ సరిగ్గా నిలపడం ఎలా?

నమస్తే. వరంగల్‌లో విత్తనాలు అమ్మే ఒక చిన్న సంస్థలో ఐటీ పని చూస్తాను. నర్సంపేట, పరకాల, ములుగు వైపు తిరిగే మా ఫీల్డ్ స్టాఫ్ దగ్గర 40 ట్యాబ్‌లున్నాయి. ఆండ్రాయిడ్ 10, డివైస్ ఓనర్ మోడ్ (సంస్థ పెట్టిన యాప్ ట్యాబ్ మొత్తాన్ని నియంత్రించే పద్ధతి), వైఫై మాత్రమే.

రీసెట్ చేసిన ప్రతి ట్యాబ్ జీఎంటీలోకి (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక) పోతోంది. పొద్దున 9 గంటలకు వేసిన హాజరు 3:30 అని పడుతోంది. జీతాలు ఈ హాజరు మీదే లెక్కగడతారు కాబట్టి నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఆటోమేటిక్ టైమ్ ఆన్‌లోనే ఉంది. కానీ ఎన్‌టీపీ సర్వర్ (ఇంటర్నెట్ ద్వారా టైమ్ చెప్పేది) యూటీసీ, అంటే జీఎంటీతో సమానమైన సమయమే ఇస్తుంది, జోన్ చెప్పదు. జోన్ మొబైల్ నెట్‌వర్క్ నుంచి రావాలి, మాకేమో సిమ్ లేదు.

ఇంకో చిక్కు: చార్జింగ్ పూర్తిగా అయిపోయిన రెండింటిలో తేదీ ఏళ్ల వెనక్కి పోయింది. దాంతో భద్రతా సర్టిఫికెట్ చెల్లదని ట్యాబ్‌లను నియంత్రించే మా సర్వర్ కలవదు, సర్వర్ కలవక పాలసీ (మేం పంపే సెట్టింగ్స్) దిగదు. వాటిని ఆఫీసుకు తెప్పించి చేత్తో సరిచేశాను.

ఆండ్రాయిడ్ 9 నుంచి డివైస్ ఓనర్ యాప్ జోన్‌ను నేరుగా పెట్టొచ్చు, ఆటో జోన్ ఆన్‌లో ఉంటే మాత్రం కుదరదు అని చదివాను. అంటే ముందు ఆటో జోన్ ఆపి, ఏషియా/కోల్‌కతా (భారత జోన్ పేరు) పంపి, ఆ తర్వాత సెట్టింగ్స్ మార్చకుండా లాక్ పెట్టాలా? లాక్ ముందే పెడితే మన ఆదేశం కూడా ఆగుతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.