అప్‌డేట్: ఫార్మాట్ చేయమన్న 4 టీబీ హార్డ్‌డిస్క్‌లో డేటా మొత్తం దొరికింది

ఎక్స్‌టర్నల్ డ్రైవ్ యూఎస్‌బీ పోర్ట్ వదులైపోతే, డబ్బా ఊడదీసి లోపలి డిస్క్‌ని కొత్త డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్‌తో (డిస్క్‌ని నేరుగా మదర్‌బోర్డుకి కలిపేది) పెట్టానని, విండోస్ "ఫార్మాట్ చేయాలి" అంటోందని ఇక్కడ అడిగింది నేనే. "ఫార్మాట్ జోలికి, చెక్‌డిస్క్ (డిస్క్ తప్పుల్ని సరిచేసే విండోస్ టూల్) జోలికి వెళ్లకు" అని జవాబిచ్చిన అన్నయ్యకి దండం. అప్పటికే నా వేలు మౌస్ మీదే ఉంది.

తప్పు డిస్క్‌ది కాదు. డబ్బాలోని చిన్న బోర్డు కంప్యూటర్‌కి 4096 బైట్ల సెక్టార్లు (డేటా దాచే చిన్న గళ్లు) చూపిస్తుందట. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసిపెట్టే పాత ఎంబీఆర్ పద్ధతి 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దాటలేదు, అందుకని. సాటాలో నేరుగా పెడితే అదే డిస్క్ 512 బైట్ల సెక్టార్ల లెక్కన కనిపిస్తుంది. పార్టిషన్ (డిస్క్‌లో ఫైళ్లుండే భాగం) మొదలయ్యే చోటు సెక్టార్ నంబర్‌గా రాసి ఉంటుంది కాబట్టి విండోస్ ఎనిమిదో వంతు దూరంలోనే ఆగి వెతుకుతోంది. అక్కడేముంటుంది, నా బొంద!

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఒకాయన ఆ బోర్డుకి కొత్త పోర్ట్ టంకం పెట్టాడు. డిస్క్‌ని మళ్లీ దానికే తగిలించగానే ఫోల్డర్లన్నీ వచ్చేశాయి, అమ్మ షష్టిపూర్తి వీడియోతో సహా. వేరే డిస్క్‌కి 2.6 టీబీ కాపీ అయ్యేసరికి తెల్లారింది.

కేబుల్ మార్చడం, బయోస్ అప్‌డేట్ రెండూ చేశా, దేనికీ పనికిరాలేదు. రికవరీ సాఫ్ట్‌వేర్ కొనే అవసరమే రాలేదు. ఊడదీసిన డబ్బాని మాత్రం పారేయకండి. మా ఆవిడ నాది దాదాపు చెత్తబుట్టలో వేసేసింది.